అభయమును, ఆయుధమును

తన ప్రాణమును, తన నాశ్రయించినవారి ప్రాణమును కాపాడుకొనుటకై మనుష్యుడు ఆయుధము ధరింపవచ్చునా యను ప్రశ్నకు మన ధర్మశాస్త్రములు వేయేండ్ల క్రిందటనే సమాధానము చెప్పినవి, ధరింపవచ్చుననియే చెప్పినవి. కాని ఆ శాస్త్రకర్తల కన్నులయెదుట నున్న ఆయుధము ఖడ్గము, ధనుస్సు, గద; మోయువాని భుజమునకు బరువు తెలియునది, చూచువాని కంటికి దూరమునుండియే కనబడునది. అరచేతిలో నిముడునంతటిదై, లాల్చీ ప్రక్కజేబులో వేసికొన్నను బట్ట వ్రేలాడనంత తేలికయై, వ్రేలి కదలిక మాత్రముచేత నొక ప్రాణమును తీయజాలిన ఆయుధమును గూర్చి వారు విచారింపవలసిన యవసరము రాలేదు. ఆ యవసరము మనకు వచ్చినది. కనుక ఇట్టి ఆయుధమును ఎవడు, ఏ మనస్సుతో, ఏ కట్టుబాట్లకు లోబడి ధరింపవచ్చునను క్రొత్త ప్రశ్నను మనమే వేసికొని, మనమే సమాధానము వెదకికొనవలసియున్నది.

ఈ ప్రశ్న మన గుంటూరులోని బ్రాడీపేటకు పరాయిది కాదు. శంకర్‌విలాస్ సెంటరు సమీపమున లైనులుగను అడ్డరోడ్లుగను పరచుకొనిన యీ పేటకు చుట్టుప్రక్కల మెట్టభూముల సంపదయు వచ్చి చేరుచున్నది, ఆ సంపదను వెన్నంటిన భయమును వచ్చి చేరుచున్నది. మిర్చియార్డులో టిక్కీలు తూగిన పిమ్మట చేతికి వచ్చిన రొక్కముతో చీకటిపడిన వేళ ఇల్లు చేరవలసిన కమీషను వ్యాపారి, ప్రత్తి కొనుగోలునకై పల్లెలు తిరుగు వర్తకుడు, పల్నాటి పగలకు వెఱచి గ్రామమును విడిచి ఇచ్చట కాపురము పెట్టిన కుటుంబపెద్ద, నడిరేయి పిలుపు వచ్చినను పోకతప్పని వైద్యురాలు, వీరిలో నెవరైనను తమ రక్షణకొక చిన్న పిస్తోలుండిన బాగుండునని తలంచినచో, ఆ తలంపును పిఱికితనమని గాని క్రౌర్యమని గాని త్రోసివేయుట న్యాయము కాదు. అమెరికాలో పెట్రోలు బంకులను, మోటళ్ళను నడుపుకొనుచున్న మనవారికి ఈ ప్రశ్న మఱింత దగ్గఱిది. అచ్చట అనేక రాష్ట్రములలో అట్టి ఆయుధమును కొనుట సులభము. 270 గ్రాములకు మించని పిస్తోళ్ళు అంగడిలో దొరకును. ఇంటి వెలుపల సయితము ఆత్మరక్షణకై పిస్తోలు ధరించుట పౌరుని హక్కని 2022లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. హక్కు ఎంత విశాలమైనను, దానిని వినియోగించుకొను మనస్సును గూర్చి న్యాయస్థానము తీర్పు చెప్పజాలదు. ఆ తీర్పు ఎవరికి వారు చెప్పుకొనవలసినదే.

మన దేశమున ఈ హక్కు కథ వేఱు విధముగ నడచినది. 1878లో లిట్టన్ ప్రభుత్వము చేసిన ఆయుధముల చట్టము భారతజాతిని నిరాయుధమును జేసెను. బ్రిటిషు పాలనలోని అపరాధము లన్నింటిలో దీనినే మిక్కిలి నల్లనిదానిగ చరిత్ర గణించునని వ్రాసినవాడు అహింసావ్రతుడగు గాంధీమహాత్ముడే. 1931లో కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానమున, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు కూడ చేరినది. కాని 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు హెచ్.వి.కామత్ ఆ హక్కును రాజ్యాంగమున చేర్పవలెనని సవరణ ప్రతిపాదించినపుడు అంబేద్కరు దాని నంగీకరింపలేదు, సభ త్రోసిపుచ్చినది. గాంధీజీ పిస్తోలు గుండ్లకు బలియైన సంవత్సరముననే ఆ నిర్ణయము జరిగెనన్న సంగతి స్మరింపదగినది.

నాటినుండి నేటివఱకు ఆయుధము మనకు హక్కు గాక అనుమతిగానే యున్నది. 1959 నాటి చట్టము ననుసరించి అధికారి పోలీసు విచారణ జరిపించి, దరఖాస్తుదారునకు నిజముగ ఆపద కలదా యని చూచి లైసెన్సు ఇచ్చును. ఎన్నికలు వచ్చినపుడు లైసెన్సుదారులు తమ ఆయుధములను పోలీసుఠాణాలో అప్పగించుట పల్నాటివారికి తెలిసినదే. సైన్యమును పోలీసులును వాడు 9 మిల్లీమీటర్ల వంటి కొలతలు సామాన్య పౌరునకు నిషిద్ధములు, పిస్తోలులోను రివాల్వరులోను .32, .22 వంటి కొలతలే అతనికి మిగిలినవి. ఈ పరిధిలోనే 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారము "నిర్భీక్" అను .32 రివాల్వరును వెలువరించినది. 2012 డిసెంబరులో ఢిల్లీలో అత్యాచారమునకు బలియైన యువతిని స్మరింపజేయు పేరుతో, స్త్రీల చేతిసంచిలో ఇముడునట్లు టైటానియము మిశ్రలోహముతో చేసిన యా రివాల్వరు సుమారు అరకిలో బరువు, ఆరు గుండ్లు గలది, అప్పటి ధర రూ.1,22,360. పిమ్మట ఇఛాపూరు రైఫిలు కర్మాగారము "నిడర్" అను .22 రివాల్వరును సుమారు 250 గ్రాములకు దింపినది. కర్మాగారము చేయగలిగినంత పని చేసినది, తేలికను ఇచ్చినది. అభయమును ఇచ్చినదా యనునది మనము తేల్చుకొనవలసిన విషయము.

ముందుగ ఆ తేలికనే పరీక్షింపవలెను; ఏలయన కొనువాడు మొట్టమొదట చూచునది దానినే. బరువు తగ్గినకొలది ప్రేలునపుడు చేతిని వెనుకకు త్రోయు తాకిడి హెచ్చును. గొట్టము పొట్టియైనకొలది గుఱి చూచుకొను రెండు గురుతుల నడిమి దూరము తగ్గి, చేతియందలి స్వల్పకంపము సయితము లక్ష్యమువద్ద పెద్ద తప్పిదముగ పరిణమించును. పిడి చిన్నదైనకొలది పట్టు సడలును. రివాల్వరు ట్రిగ్గరు గట్టిగ నుండి పొరపాటున ప్రేలకుండ కాపాడును గాని, ఆ గట్టిదనమే లాగునపుడు గుఱిని చెదరగొట్టును. పిస్తోలు పలుచనై జేబులో చక్కగ నిముడును గాని, గుండును గొట్టములోని కెక్కించుట, భద్రతాకీలును తీయుట మొదలగు క్రియలు భయకంపితమైన చేతికి అభ్యాసము లేనిదే లొంగవు. మన గుంటూరు వేసవిలో చెమటకు తడిసిన జేబున ఉక్కు త్రుప్పుపట్టును, నూలుపీచు సందులలో చేరును; అదే జేబులో తాళపుచెవులో నాణెములో ఉన్నచో ట్రిగ్గరునకు తగిలి ప్రమాదము తెచ్చిపెట్టును. కనుకనే ట్రిగ్గరును పూర్తిగ కప్పు ఒర ఉండవలెననియు, ఆ జేబులో మఱియొక వస్తువు ఉండరాదనియు, అభ్యాసము మానిన చేయి దానిని తాకరాదనియు విషయజ్ఞులు చెప్పుదురు. దీనివలన తేలునదేమన, తేలికయైన ఆయుధము మోయుటకు ఎంత సులభమో వాడుటకు అంత కఠినము. భుజము తప్పించుకొనిన భారము అభ్యాసమునకును నిగ్రహమునకును సంక్రమించినది. ఈ లౌకికసత్యమునందే నేను చెప్పదలచిన ధార్మికసత్యము ఇమిడియున్నది.

నిప్పు పెట్టువాడు, విషమిడువాడు, ఆయుధపాణియై మీదికి వచ్చువాడు, ధనమును, భూమిని, భార్యను అపహరించువాడు, ఈ యార్వురను ధర్మశాస్త్రములు ఆతతాయు లనినవి. ఆతతాయిని వధించుటలో హంతకు దోషము లేదని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. ఈ యనుమతి ఇంత స్పష్టముగ నున్నను, కురుక్షేత్రమున నిలిచిన యర్జునుడు ఆతతాయులను చంపినను పాపమే మిగులునని భయపడెను. అతడు శాస్త్రము తెలియనివాడు కాడు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరావ్యాఖ్యను వ్రాసిన విజ్ఞానేశ్వరుడు, చంపదగనివారే ఆతతాయులై వచ్చినపుడేమి యను సంకటమును విచారించుచు, తన్ను కాపాడుకొనువాని సంకల్పము నివారణమే గాని వధ కారాదనియు, నివారించుచుండగ పొరపాటున ఎదిరి మరణించినచో స్వల్పప్రాయశ్చిత్తము కలదే గాని రాజదండనము లేదనియు నిర్ణయించెను. ఆ మహాపండితుని ధర్మశాస్త్రమునే పదుమూడవ శతాబ్దమున కేతన "విజ్ఞానేశ్వరీయము"గ తెనిగించెను. ఆ నిర్ణయమున రెండు సూక్ష్మములు కలవు: రాజు శిక్షింపకున్నను ప్రాయశ్చిత్తము మిగిలియే యున్నది, నిర్దోషత్వమునకు మూలము ఆయుధమున గాక సంకల్పమున నున్నది. వెనుకటి శిక్షాస్మృతియు, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు నివారణకు అవసరమైనదానికంటె అధికమైన హాని చేయరాదని శాసించునపుడు ఈ బాటనే నడుచుచున్నవి.

సంకల్పశుద్ధి అంత సులభముగ లభించునదైనచో శాస్త్రమునకు పనియే లేదు. చేతిలో సాధనమున్నపుడు సంకల్పము ఆ సాధనమువైపు మొగ్గుట మనుష్యస్వభావము. ఈ సంగతిని వ్యాసుడు విరాటపర్వమున నిరూపించినంత గంభీరముగ మఱియొకరు నిరూపింపలేదు. దానిని తెలుగువారికి ప్రసాదించిన తిక్కన, గుంటూరును పాలించిన మంత్రి భాస్కరుని మనుమడగుట మనకు మఱింత సంతోషము. అజ్ఞాతవాసమునకు పోవుచున్న పాండవులకు ఆయుధముల యవసరము ఎన్నడును లేనంతగ ఆ యేడాది యుండెను. గుర్తింపబడినచో మఱల పన్నెండేండ్ల యరణ్యవాసము, చుట్టును శత్రువుల వేగులు. అయినను వారు తమ ఆయుధములను బట్టలలో దాచుకొని విరాటుని పురము ప్రవేశింపలేదు. శ్మశానసమీపమున శమీవృక్షముపై నుంచి, ఎవరును దరిజేరకుండ శవమువలె కట్టిపెట్టి, వట్టిచేతులతో పురద్వారము దాటిరి. కీచకుడు ద్రౌపదిని అవమానించినపుడు భీముడు ఆమెను కాపాడకుండ విడువలేదు. కాని ధనుస్సో గదయో చేత నున్నచో సభామధ్యముననే జరిగిపోవలసిన వధ, చేత లేనందువలన ధర్మరాజు కనుసన్నకు లోబడి ఆగినది, ఆలోచనకు తావిచ్చినది. ఆయుధమును దూరముగ నుంచుట రక్షణధర్మమును విడుచుట కాదనియు, కోపమునకును క్రియకును నడుమ కొంత కాలమును కల్పించుట యనియు ఆ కథ బోధించుచున్నది. జేబులోని పిస్తోలు ఆ కాలమునే హరించుచున్నది. ఒక ప్రాణి మరణమునకును తనకును నడుమ నిలువవలసిన చెట్టును, దూరమును, బరువును, చూచువారి కన్నులను అన్నింటిని తొలగించి, ఒక్క మనస్సును మాత్రమే కావలి పెట్టినది.

చూచువారి కన్నులు అను మాట యూరక వాడలేదు. కారెంపూడిలో పల్నాటి వీరుల ఆయుధములు నేటికిని పూజలందుకొనుచున్నవి. కార్తీక అమావాస్యకు ఆరంభమగు ఉత్సవములలో ఆచారవంతులు కొణతములను, అనగా ఆ వీరుల ఆయుధములను, ధరించి వచ్చుదురు, నాగులేటిలో స్నానము చేయింతురు, జనులెల్లరును చూచుచుండగ వీరులగుడికి చేర్తురు. మన రాజ్యాంగము ఇరువదియైదవ అధికరణమునకు వివరణ వ్రాయుచు, కృపాణము ధరించుటను సిక్కుమతావలంబనములో భాగముగ అంగీకరించినది; ఆ కృపాణము ధరించినవాడు ఎవరో, ఏ ప్రతిజ్ఞకు బద్ధుడో లోకమునకు తెలియును. ఈ ఆయుధములన్నియు వ్రతముతో గూడినవి, సమాజము ఎఱిగినవి. జేబులోని పిస్తోలునకు వ్రతము లేదు, సాక్షి లేడు. అయినంతమాత్రమున కనబడకుండుటయే దోషమని నేను వాదింపను. 2016 నాటి ఆయుధ నియమావళియే బహిరంగస్థలమున పిస్తోలు ఒరలో నుండి, పూర్తిగ కప్పబడి, ధరించినవాని యదుపులో నుండవలెనని కోరుచున్నది. నలుగురిలో ఆయుధమును ప్రదర్శించి భయపెట్టుటకంటె కప్పియుంచుట మేలు. కాని పరులకు కనబడనిదానిని తనవారి వద్దను, తన మనస్సు వద్దను దాచినపుడు అది ఇంటిలో దాగిన విషమగును. భార్యకో భర్తకో తెలియకుండ, ఎదిగిన బిడ్డలకు చెప్పకుండ ఆయుధమును ఇంటిలో నుంచుకొనువాడు తన రక్షణకై తనవారిని ఆపదలో నుంచుచున్నాడు.

ఇక అభయమును విచారింతము. గీతాచార్యుడు పదునాఱవ అధ్యాయమున దైవీసంపదను ఎన్నుచు అభయముతో ఆరంభించెను. భయము లేకుండుట మాత్రమే అభయము కాదు. తనవలన ఇతరులకు భయము కలుగకుండుటయు అభయమే. మన గుంటూరు సీమ ఈ సత్యమును రాతిపై చెక్కి లోకమునకు చూపినది. నేడు చెన్నపట్టణపు వస్తుప్రదర్శనశాలలో నున్న అమరావతి ఫలకమొకటి, రాజగృహవీథిలో దేవదత్తుడు విడిపించిన నలగిరి యను మదపుటేనుగు కథను ఒకే వలయమున రెండు ఘట్టములుగ నిలిపినది: ఒకప్రక్క ఏనుగు జనులను త్రొక్కుచు వచ్చుచున్నది, మేడల గవాక్షములనుండి స్త్రీపురుషులు భయవిహ్వలులై చూచుచున్నారు, మఱియొకప్రక్క ఆ యేనుగే బుద్ధుని పాదములచెంత మోకరిల్లియున్నది. ఆ శిల్పి బుద్ధుని ధైర్యమును మాత్రమే చెక్కి ఊరకొనవచ్చును. కాని గవాక్షములలోని జనులను గూడ చెక్కుటచేత, ఒకని యభయము వీథియెల్ల పంచుకొనదగినదని తెలియజేసినాడు. ఆయుధము ధరించినవానిని పరీక్షించుటకు ఇంతకంటె మంచి కొలబద్ద లేదు. వాడు ధరించినందువలన వాని ఇంటిలోని వారు, వాని వీథిలోని వారు నిశ్చింతగ నున్నారా, లేక వాని కోపమును చూచి తొలగి నడుచుచున్నారా?

బుద్ధునకు సాధ్యమైనది బ్రాడీపేట వర్తకునకు సాధ్యమా యని అడుగువారుందురు; ఆ యడుగుట సమంజసమే. మహాత్ముడే 1920లో వ్రాసిన యొక వ్యాసమున, పిఱికితనమునకును హింసకును నడుమ తప్ప వేఱుదారి లేనిచో హింసనే యెన్నుకొమ్మని చెప్పెను. 1908లో జొహానెస్‌బర్గులో తనపై ప్రాణాంతకమగు దాడి జరిగినపుడు తన పెద్దకుమారుడు ఉండియుండినచో బలమును ప్రయోగించియైనను తండ్రిని కాపాడుట వాని విధి యయ్యెడిదనియు వ్రాసెను. కాని అహింస అంతకంటె అనంతముగ గొప్పదని ఆ వ్యాసముననే చెప్పెను. ఆ యహింసను మన సీమ 1922లో ఆచరించి చూపినది. పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్నులు కట్టుట మానినపుడు, ప్రభుత్వము పోలీసులను, సైనికులను దింపినను, శాంతిసేన కట్టుబాటు తప్పలేదు. ఆ రైతులు బుద్ధులు కారు, మన తాతముత్తాతలు. తుదకు 1948 జనవరి 20న ప్రార్థనాస్థలమున బాంబు ప్రేలిన పిమ్మట, వచ్చువారిని సోదా చేయుటకు పోలీసులు అనుమతి కోరగ మహాత్ముడు ఒల్లడయ్యెను. పది దినములకు బట్టల చాటున దాచి తెచ్చిన బెరెట్టా పిస్తోలు మూడు గుండ్లతో ఆయనను బలిగొన్నది. చేతిలో నిముడు ఆయుధమును దాచి తెచ్చినవాడు భయగ్రస్తుడు, ద్వేషగ్రస్తుడు. దానికెదురుగ నమస్కరించుచు వచ్చినవాడు నిర్భయుడు. ఆయుధము భయమును పోగొట్టునని వాదించువారు ఈ దృశ్యమునకు సమాధానము చెప్పవలెను.

నా విచారణలో తేలినదిది: ఆత్మరక్షణము ధర్మమే, కాని ఆయుధము ఎంత చిన్నదై, ఎంత తేలికయై, ఎంత మఱుగైపోవునో, ధరించువాని నిగ్రహము అంత దృఢమై, అంత మెలకువతో నుండవలెను, ఆ నిగ్రహము లేనివానికి తేలికయైన ఆయుధము వర్జ్యము. కనుక ఎన్నిక అంగడిలో ఆరంభము కారాదు. తనకున్న ఆపద నిజమైనదా, లేక వార్తలు చదివి పెంచుకొనినదా? రొక్కమును బ్యాంకు ద్వారా పంపి, వేళ మార్చుకొని, తోడు వెంటబెట్టుకొని, రక్షకభటులకు తెలిపి ఆ యాపదను తొలగించుకొనుటకు దారియున్నదా? గడచిన యేడాదిలో బండి తగిలినందుకో, గట్టు తగవునకో, మాట తూలినందుకో తాను చేయిచేసికొనిన సందర్భము కలదా? మద్యమునకు అలవాటుపడినవాడా? ఇంటిలో నిరాశకు లోనైనవారు, ఆటలాడు పసివాండ్రు ఉన్నారా? ఈ ప్రశ్నలలో ఒక్కదానికైనను సమాధానము తనకు ప్రతికూలమైనచో, ఆపద తొలగు మఱియొక మార్గమును వెదకుటయే వాని ధర్మము. ఇంకొకరి ప్రాణమును తన వ్రేలికొసన ధరించు యోగ్యత అందఱకును లేదనుట ఎవరికిని అవమానము కాదు.

ఈ పరీక్షలన్నింటిలో నెగ్గిన కొలదిమందియును లోకమున లేకపోలేదు. చంపెదమని బెదిరింపులు వచ్చిన సాక్షి, వెంటాడబడుచున్న స్త్రీ, పగవారి యూరిలో న్యాయము చెప్పవలసిన పెద్దమనిషి అట్టివారు. వారు ఎన్నుకొనునపుడు మిక్కిలి తేలికయైనదానిని గాక, తమ చేయి నిలుకడగ పట్టుకొనగలిగినదానిని ఎన్నుకొనవలెను. యాభై గ్రాముల బరువు తగ్గించుకొని గుఱిని పోగొట్టుకొనుట, నిరపరాధి యగు బాటసారిపై గుండు పోవుటకు దారితీయును, కనుక ఇచ్చట బరువు సయితము ధర్మవిషయమే. గట్టి ట్రిగ్గరును తొందరపాటునకు అడ్డుగ అంగీకరింపవలెను. శిక్షణ పొంది, అభ్యాసమును మానక, ఇంటికి చేరగనే ఆయుధమును గుండ్లను వేఱువేఱుగ తాళమువేసి యుంచవలెను. తగవు జరుగుచోటికి, పెండ్లిపందిరికి, మద్యముండు విందునకు దానిని కొనిపోరాదు. ఆయుధము చెంతనున్నందువలన పూర్వము తొలగిపోయెడి తగవులోనికి ఇపుడు తల దూర్చుచున్నానని తోచిననాడు, లైసెన్సు గడువు తీరువఱకు ఆగక దానిని ఠాణాలో అప్పగింపవలెను.

ఈ ధర్మము ఒక్క ఆయుధధారికే పరిమితము కాదు. వైద్యురాలు నడిరేయి నడువవలసిన వీథికి దీపము లేనిచో, వర్తకుడు చేసిన ఫిర్యాదునకు బదులు లేనిచో, సాక్షికి కాపలా లేనిచో, వారి చేతికి పిస్తోలు నందించినది వారి పిఱికితనము కాదు, మన ఉపేక్ష. పౌరునకు ఆయుధమును హక్కుగ ఇయ్యక అనుమతిగ ఇచ్చిన రాజ్యము, ఆయుధము లేనివానికి రక్షణము నిచ్చెదనని మాట యిచ్చినదన్నమాట. ఆ మాటను నిలువబెట్టుమని అడుగుటయు, పొరుగువాని కేక వినబడినపుడు తలుపు తెఱచుకొని వెలుపలికి వచ్చుటయు మనయందఱి విధి. అట్టి పేటలో ఆయుధము ధరించువారు స్వల్పముగ నుందురు. ధరించినవారును దానిని వాడవలసిన గడియ రాకుండవలెనని ప్రార్థించువారై యుందురు.